పేపర్లలో కనిపించని జబ్బు

జర్మన్ షెపర్డ్ కుక్కకు ఎనిమిదో ఏడు దాటాక వచ్చే జబ్బు ఒకటుంది. మొదట వెనక కాళ్లు తడబడతాయి. తర్వాత ఈడుస్తాయి. చాలావాటికి ఏడాది తిరిగేలోగా పూర్తిగా పడిపోతాయి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, తిండి తగ్గదు. గేటు చప్పుడైతే మునుపటిలాగే చెవులు నిక్కిస్తుంది, మొరుగుతుంది. లేవబోతే మాత్రం వెనక సగం తనది కానట్టు నేలకే అంటుకుపోతుంది. పశువైద్యులు దీన్ని డీజెనరేటివ్ మైలోపతి అంటారు. వెన్నుపాములోని నాడీ తంతువులు కొద్దికొద్దిగా క్షీణించిపోవడమే దీని స్వభావం కాబట్టి తెలుగులో వెన్నుపాము క్షీణత అనుకోవచ్చు. ఇది అంటుజబ్బు కాదు. పెట్టిన తిండి వల్లో, పెంచినవాళ్ల అజాగ్రత్త వల్లో వచ్చేదీ కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లకు దిగే జబ్బు.

తెలుగు ఊళ్లలో ఈ జాతిని ఇప్పటికీ అల్సేషియన్ అనేవాళ్లే ఎక్కువ. అది ఇంగ్లీషువాళ్లు తగిలించిన పేరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్‌లో జర్మన్ అన్న మాటే గిట్టకుండా పోవడంతో పేరు మార్చారు. అసలు పేరును అక్కడి కెన్నెల్ క్లబ్ తిరిగి ఒప్పుకున్నది 1977లో. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి. కానీ నల్లచెరువు, తనకల్లు, కదిరి చుట్టుపక్కల మెట్టల్లో గొర్రెల మందల వెంట తిరిగేవి నాటు కుక్కలే. జర్మనీ కాపరి కుక్క ఇక్కడికొచ్చి మిద్దె ఇళ్ల గేటు లోపల కాపలాకు కుదిరింది, పోలీసు శాఖలో జాగిలం అయింది. గొర్రెను చూసి ఎరగని అల్సేషియన్లు కదిరిలోనూ, ధర్మవరంలోనూ, హిందూపురంలోనూ చాలానే ఉంటాయి.

జబ్బు తొలి గుర్తు కంటికన్నా ముందు చెవికి అందుతుంది. కడప బండల మీద కుక్క నడుస్తుంటే వెనక గోళ్లు గీరుకుంటున్న చప్పుడు వస్తుంది. పాదాన్ని నిండుగా ఎత్తకుండా ముందుకు లాగడం వల్ల వచ్చే చప్పుడది. పట్టుకుని చూస్తే వెనక పాదాల్లో మధ్యనున్న రెండు వేళ్ల గోళ్లు పైవైపున అరిగిపోయి ఉంటాయి. మలుపు తిరిగేటప్పుడు నడుము ఒక పక్కకు ఊగుతుంది, ఒక కాలికి రెండోది అడ్డం పడుతుంది. మెట్లెక్కేటప్పుడు వెనక నుంచి ఎవరో లాగుతున్నట్టు ఆగుతుంది. ఇంట్లోవాళ్లు దీన్ని వయసు మీద పడటం అనుకుంటారు. అనుకోవడంలో తప్పూ లేదు, ఎందుకంటే కుక్కకు అప్పటికి వయసు మీద పడే ఉంటుంది.

పశువుల డాక్టరు మాత్రం ఒక చిన్న పరీక్ష చేస్తాడు. కుక్కను నిలబెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి పట్టుకుని, ఒక వెనక పాదాన్ని మడిచి, పాదం పైభాగం నేలకు తగిలేలా తిరగేసి పెడతాడు. ఆరోగ్యంగా ఉన్న కుక్క రెప్పపాటులో పాదాన్ని సరిగ్గా పెట్టుకుంటుంది. జబ్బు మొదలైన కుక్క తిరగబడిన పాదంతోనే నిలబడి, ఏమీ జరగనట్టు యజమాని మొహంలోకి చూస్తుంటుంది. తన పాదం ఏ తీరున ఉందో దాని మెదడుకు కబురు అందదు. కండరంలో బలం ఇంకా ఉన్నా, కాలు ఎక్కడుందన్న సమాచారం పైకి పోయే దారి, కదలమన్న ఆజ్ఞ కిందికి వచ్చే దారి రెండూ తెగుతున్నాయన్నమాట. ఆ తెగడం ఎక్కువగా వీపు మధ్యభాగంలో, పక్కటెముకలు పుట్టేచోట ఉన్న వెన్నుపాములో మొదలవుతుంది. మెదడుకూ వెనక కాళ్లకూ మధ్య నడిచే తంతువులన్నీ అక్కడి నుంచే పోవాలి కాబట్టి ముందు దెబ్బతినేవి వెనక కాళ్లే. ముందు కాళ్ల తంతువులు అంతకు ముందే, మెడ దగ్గరే విడిపోతాయి.

అక్కడి నుంచి జబ్బు తిన్నగా కిందికే దిగుతుంది. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కలు గుర్తులు కనిపించిన ఆరు నుంచి తొమ్మిది నెలల్లో వెనక కాళ్ల మీద నిలబడలేని స్థితికి వస్తాయి. తర్వాత తొడ కండరాలు కరిగిపోతాయి, మలమూత్రాల మీద పట్టు పోతుంది. ఇంకా బతికిస్తే ముందు కాళ్లు కూడా బలహీనపడి, చివరికి మింగడం, ఊపిరి తీయడం కష్టమవుతుంది. చాలా కుక్కలు ఆ చివరి దశ దాకా రావు. నలభై కిలోల దాకా తూగే కుక్కను రోజుకు నాలుగైదుసార్లు ఎత్తి దించడం ఏ ఇంటికైనా కష్టమే.

వెనక కాళ్లు పడిపోయిన ప్రతి కుక్కకూ ఈ జబ్బే అనుకుంటే పొరపాటు. మన ఊళ్లలో అయితే ప్రమాదం కూడా. ఇక్కడ ముందు రావలసిన అనుమానం రేబిస్. రేబిస్ అనగానే పిచ్చెత్తి కరిచే కుక్కే గుర్తుకొస్తుంది గానీ, దవడ వేలాడిపోయి, చొంగ కారుస్తూ, కాళ్లు చచ్చుబడి ఒక మూల పడి ఉండే రకమూ ఉంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని అలాంటి కుక్క నోట్లో చెయ్యి పెట్టేవాళ్లకు వచ్చే ముప్పు అంతా ఇంతా కాదు. రేబిస్ గుర్తులు బయటపడిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. వెన్నుపాము క్షీణత నెలల తరబడి నడుస్తుంది. తేడా ఆ వేగంలోనే ఉంది. టీకాలు వేయించని కుక్కకు రెండు మూడు రోజుల్లోనే కాళ్లు పడిపోతే దగ్గరికి పోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. దాని చొంగ గాయానికి తగిలినవాళ్లు వెంటనే సబ్బుతో బాగా కడుక్కుని, ఆసుపత్రికి వెళ్లి టీకాలు మొదలుపెట్టించుకోవాలి.

మిగతా అనుమానాలు ఇంత భయంకరమైనవి కావు. డిస్టెంపర్ ఎక్కువగా టీకాలు లేని కుక్కపిల్లలకు వస్తుంది, కండరాలు ఆగకుండా అదురుతుంటాయి. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలు కొన్నిసార్లు నరాల మీదికీ పాకుతాయి. మోటారు సైకిలు గుద్దితే వెన్ను విరుగుతుంది. వెన్నుపూసల మధ్య డిస్కు జారితే కాళ్లు హఠాత్తుగా పడిపోతాయి, ముట్టుకుంటే కుక్క అరుస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టేది తుంటి కీలు అరుగుదల. జర్మన్ షెపర్డ్‌కు అదీ వంశపారంపర్యమే. తుంటి జబ్బున్న కుక్క లేవడానికి మూలుగుతుంది, కుందేలులా రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది, కానీ తిరగేసిన పాదాన్ని వెంటనే సరిచేసుకుంటుంది. ఒకే కుక్కకు రెండూ ఉండటం కూడా అరుదేం కాదు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, వెన్నుపాము కనిపించదు. డిస్కునూ గడ్డలనూ కాదని తేల్చడానికి ఎంఆర్ఐ కావాలి. ఇక్కడి మనిషికి ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు ఒక పక్క, బెంగళూరు హెబ్బాళ్ కళాశాల మరో పక్క ఉన్నాయి. హిందూపురంవాళ్లకు హెబ్బాళే దగ్గర.

ఈ జబ్బుకు వైద్యశాస్త్రంలో ఒక రూపం వచ్చింది 1973లో. అమెరికాలో ఎవెరిల్ అనే పశువైద్య శాస్త్రవేత్త ముసలి జర్మన్ షెపర్డ్‌ల వెన్నుపాములను పరీక్షించి, ఇది డిస్కు జబ్బు కాదనీ, తంతువులే క్షీణిస్తున్నాయనీ రాశాడు. 1975లో బ్రిటన్ నుంచి గ్రిఫిత్స్, డంకన్ ఇలాంటివే మరికొన్ని కేసులు చూపించారు. కారణం మాత్రం ఎవరికీ అందలేదు. రోగనిరోధక వ్యవస్థే తిరగబడుతోందన్నారు, ఇ విటమిన్ లోపమన్నారు, బి12 అన్నారు. మూడు దశాబ్దాల పైచిలుకు కుక్కలు విటమిన్లు మింగాయి, స్టెరాయిడ్లు వేయించుకున్నాయి. ఏదీ జబ్బును ఆపలేదు.

చిక్కుముడి 2009లో వీడింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2005లో, టాషా అనే బాక్సర్ జాతి ఆడకుక్క జన్యుపటం పూర్తిగా అచ్చయింది. దాని సాయంతో మిస్సోరి విశ్వవిద్యాలయం, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జబ్బున్న కుక్కల జన్యువులనూ, లేనివాటి జన్యువులనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. మొదట వెతికింది పెంబ్రోక్ వెల్ష్ కోర్గీ అనే పొట్టికాళ్ల జాతిలో. దొరికిన లోపమే బాక్సర్‌లోనూ, రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్‌లోనూ, చెసపీక్ బే రిట్రీవర్‌లోనూ, జర్మన్ షెపర్డ్‌లోనూ కనిపించింది. ఎస్‌ఓడీ1 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిపోయింది.

ఎస్‌ఓడీ1 చేసే పని పాచిపని లాంటిది. కణం ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారు చేసుకునేటప్పుడు సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన పదార్థం పుడుతుంది. పొయ్యి మండితే నిప్పురవ్వలు లేచినట్టు. ఆ రవ్వలను ఆర్పే ప్రొటీన్ ఇది, లోపల రాగి, జింకు ఉంటాయి. జన్యువులో అక్షరం మారడం వల్ల ఈ ప్రొటీన్ గొలుసులో నలభయ్యో స్థానంలో ఉండాల్సిన గ్లూటమేట్‌కు బదులు లైసిన్ వచ్చి కూర్చుంటుంది. రవ్వలార్పే పని ఆగిపోవడం వల్ల జబ్బు వస్తుందనుకుంటాం గానీ, అసలు హాని అది కాదు. మారిన ప్రొటీన్ సరిగ్గా మడతపడక నాడీకణాల్లో ముద్దలు కడుతుంది. ఆ ముద్దలే కణానికి విషం. పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి కుక్క బాల్యం, యవ్వనం ఏ లోపమూ లేకుండా గడిచిపోతాయి.

మేనరికం అన్న మాట తెలిసిన పాఠకుడికి ఈ జబ్బు దిగే తీరు చెప్పడం సులువు. ప్రతి కుక్కకూ ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినా రెండోది మంచిదైతే చాలావరకు ఇబ్బంది ఉండదు. అలాంటి కుక్క వాహకం: తను బాగుంటుంది, చెడిన ప్రతిని మోస్తుంది. రెండూ చెడినవైతేనే ముప్పు. దగ్గరి చుట్టరికంలో పెళ్లి చేసుకున్న భార్యాభర్తలకు ఒకే తాత నుంచి ఒకే చెడిన ప్రతి వచ్చి ఉండవచ్చు, బిడ్డలో ఆ రెండూ కలవవచ్చు. మేనరికాల్లో కొన్ని పుట్టు జబ్బులు ఎక్కువ కనిపించేది ఇందుకే. జాతి కుక్కల పెంపకంలో మేనరికమే కాదు, అంతకంటే దగ్గరి కలయికలు కూడా మామూలు వ్యవహారంగా నడిచాయి.

జర్మన్ షెపర్డ్ పుట్టుకే ఇందుకు సాక్ష్యం. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఒక కుక్కల ప్రదర్శనలో చూసి కొన్న కాపరి కుక్కకు హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాత్ అని పేరు పెట్టాడు. అదే ఏడు ఏప్రిల్‌లో జర్మన్ షెపర్డ్ సంఘం పెట్టి, దాని జాతి పట్టీలో హోరాండ్‌ను మొదటి కుక్కగా ఎక్కించాడు. హోరాండ్ కొడుకుల్లో పేరుమోసినది హెక్టర్ ఫాన్ ష్వాబెన్. హెక్టర్‌ను హోరాండ్ సంతానంలోని ఆడకుక్కతోనే కలిపారు. అలా పుట్టిన పిల్లలను మళ్లీ హెక్టర్ సంతానంతో కలిపారు. మెచ్చిన గుణం స్థిరపడాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదని అప్పటి పెంపకందారుల నమ్మకం. గుణం స్థిరపడిన మాట నిజమే. గుణంతోపాటు కంటికి కనపడనివి ఏవేవి స్థిరపడ్డాయో లెక్క చూసేవాళ్లు అప్పట్లో లేరు.

నింద మొత్తం స్టెఫానిట్జ్ మీద వేయడం న్యాయం కాదు. ఈ జన్యులోపం ఒకదానితో ఒకటి పొత్తులేని ఎన్నో జాతుల్లో ఉందంటే, ఆ జాతులు విడిపోకముందే, ఎప్పుడో పాత కుక్కల్లోనే అది పుట్టి ఉండాలి. ఎప్పటికప్పుడు కొత్త రక్తం కలిసే వీధి కుక్కల్లో చెడిన ప్రతికి జత దొరకడం తక్కువ. జాతి అంటే గోడ కట్టిన చెరువు. బయటి నీరు రాదు, లోపలి నీరు పోదు.

ఇంకో సంగతి ఈ జబ్బును తరతరాలుగా కాపాడుతూ వచ్చింది. అది వయసు. పుట్టుకతోనే గుడ్డిదైన పిల్లను ఎవరూ ఈతలకు వాడరు, కాబట్టి ఆ లోపం త్వరగా తగ్గుతుంది. వెన్నుపాము క్షీణత ఎనిమిదేళ్లు దాటాక గానీ బయటపడదు. ఆడకుక్క రెండేళ్లకు తల్లవుతుంది, నాలుగేళ్లకు అవ్వ, ఆరేళ్లకు ముత్తవ్వ. దాని కాళ్లు తడబడే నాటికి వంశం నాలుగు ఊళ్లకు పాకి ఉంటుంది. మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు 18 నెలలు నిండని ఆడకుక్కకూ, 8 ఏళ్లు దాటినదానికీ ఈతలు వేయించకూడదన్నాయి. తల్లీకొడుకులు, అన్నాచెల్లెళ్లు, తాతామనవరాళ్లు వంటి దగ్గరి రక్తసంబంధాల మధ్య క్రాసింగ్‌ను నిషేధించాయి. మంచి నిబంధనలే. కానీ ఎనిమిదేళ్లన్న హద్దు ఈ జబ్బు మొదలయ్యే గడప దగ్గరే ఆగుతుంది. నిబంధన ప్రకారం నిక్కచ్చిగా నడిచిన పెంపకందారు కూడా తన ఆడకుక్కలో జబ్బును చూడకుండానే దాని ఈతలన్నీ ముగించేస్తాడు.

కుక్కపిల్లను కొనేవాళ్లు అడిగేది కేసీఐ పేపర్లు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ పత్రంలో తల్లిదండ్రులు, తాతముత్తాతల పేర్లుంటాయి. ఛాంపియన్ అన్న బిరుదులు కూడా ఉంటాయి. ముత్తాత తొమ్మిదో ఏట ఎలా నడిచాడన్నది ఉండదు. బిరుదున్న మగకుక్కకు గిరాకీ ఎక్కువ, క్రాసింగ్‌కు డబ్బో, ఈతలో ఒక పిల్లో ఇచ్చి తీసుకుపోతారు. అది వాహకమైతే దాని పిల్లల్లో సగటున సగానికి చెడిన ప్రతి చేరుతుంది. రెండు మూడు తరాల తర్వాత ఆ మనవలూ మునిమనవలూ ఒకరికొకరు ఎదురుపడతారు, పేపర్ల మీద దూరపు చుట్టాలుగానే.

ఈ లోపాన్ని ముందే పట్టుకునే జన్యుపరీక్ష ఇప్పుడుంది. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన తడో, కాసింత రక్తమో చాలు. ఫలితం మూడు రకాలుగా వస్తుంది: రెండు ప్రతులూ మంచివి, ఒకటి చెడినది, రెండూ చెడినవి. రెండు వాహకాలను కలిపితే పిల్లల్లో సగటున నాలుగో వంతు ముప్పులో పడతాయి. వాహకాన్ని మంచిదానితో కలిపితే సగం పిల్లలు వాహకాలవుతాయి, ముప్పు దేనికీ ఉండదు. వాహకాలన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేయమనడం వినడానికి బాగుంటుంది. అలా చేస్తే ఉన్న చెరువు ఇంకా కుంచించుకుపోయి, తెలియని మరో లోపానికి జత దొరుకుతుంది. అందుకే వాహకాన్ని మంచి జతతో కలిపి, పిల్లలను పరీక్షించి, బాగున్నవాటిని ముందుకు తీసుకుపోవడమే తెలివైన పద్ధతి.

పరీక్ష ఫలితం చూసి గుండె జారనక్కర్లేదు. రెండు ప్రతులూ చెడిన కుక్కలన్నీ జబ్బున పడవు. కొన్ని కాళ్లు గట్టిగా ఉండగానే వేరే కారణాలతో వయసు తీరి పోతాయి. ఎస్‌ఓడీ1 ఒక్కటే అన్నీ నిర్ణయించదు. కోర్గీల్లో ఎస్‌పీ110 అనే మరో జన్యువు జబ్బు ఎంత త్వరగా వస్తుందన్నదాన్ని మారుస్తుందని 2016లో తేలింది. బెర్నీజ్ మౌంటెన్ డాగ్ జాతిలోనైతే అదే ఎస్‌ఓడీ1లో మరోచోట ఇంకో మార్పు కూడా ఉంది.

ఈ జన్యువు మనుషుల వైద్యానికి కొత్తది కాదు. నాడీకణాలు చచ్చి కండరాలన్నీ పడిపోయే ఏఎల్‌ఎస్ జబ్బు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది, అలాంటి కుటుంబాల్లో ఎస్‌ఓడీ1 లోపం ఉందని 1993లోనే కనుక్కున్నారు. మనిషికి సాధారణంగా ఒక్క చెడిన ప్రతే చాలు. కుక్కకు రెండూ కావాలి. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన టోఫెర్సెన్ అనే మందు ఈ చెడిన ప్రొటీన్ తయారీనే తగ్గిస్తుంది, అదీ ఎస్‌ఓడీ1 లోపమున్న మనుషులకే. ఎలుకల్లో జన్యువులు చొప్పించి జబ్బు పుట్టించే శాస్త్రవేత్తలకు, ఇంటి గడప మీద దానంతటదే ఆ జబ్బు వచ్చే జంతువు దొరకడం పరిశోధనకు పెద్ద ఆసరా.

కుక్కకు ఇప్పటికి మందు లేదు. చేయగలిగింది నడిపించడం. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈ జబ్బు ఉందని అనుమానించిన 22 కుక్కలను గమనించారు. రోజూ బాగా వ్యాయామం చేయించినవి సగటున 255 రోజులు, ఓ మోస్తరుగా చేయించినవి 130 రోజులు, ఏమీ చేయించనివి 55 రోజులు బతికాయి. చిన్న లెక్కే గానీ, తేడా చిన్నది కాదు. ఎండెక్కకముందు పొద్దున్నే నెమ్మదైన నడక, పడుకోబెట్టి కాళ్లు చాపి మడిచే కసరత్తు, లోతు తక్కువ నీళ్లుంటే ఈత. ఇంట్లో నున్నటి బండల మీద పట్టు కోసం గోనెసంచులో, రబ్బరు పట్టాలో పరచాలి. లేపేటప్పుడు పాత నూలు చీరను నాలుగు మడతలు చేసి పొట్ట కింద నుంచి తీసి రెండు చేతులా పట్టుకుంటే, వెనక సగం బరువు మనిషి మీద పడి కుక్క ముందు కాళ్లతో నడుస్తుంది. ఈడ్చే పాదానికి మేజోడు తొడగకపోతే చర్మం ఊడి పుండవుతుంది, మన వేసవిలో ఆ పుండు మీద ఈగ వాలితే పురుగులు పడతాయి. బరువు పెరగనివ్వకూడదు. కాళ్లు పూర్తిగా పడిపోయాక చక్రాల బండి కట్టి తిప్పేవాళ్లున్నారు. ముందు కాళ్లు కూడా సడలిన రోజున బండి పనికిరాదు, ఆ దశకు వచ్చాక చాలామంది డాక్టరును పిలిచి నొప్పి లేకుండా నిద్రపుచ్చమంటారు.

బతికి ఉండగా డాక్టరు చెప్పగలిగింది ఇదే అయి ఉంటుందన్న మాట వరకే. ఖాయం చేసేది చనిపోయాక వెన్నుపామును పలచని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, తెల్లటి తంతువుల మధ్య ఖాళీలు కనిపిస్తేనే.